చమురు, సహజవాయు పరిశ్రమలో ఆన్‌లైను వృత్తి శిక్షణ

చమురు, సహజవాయు పరిశ్రమలో ఆన్‌లైను వృత్తి శిక్షణ అనగా చమురు బావులు, గ్యాసు సేకరణ కేంద్రాలు, శుద్ధి కర్మాగారాలు, పైపులైనులలో పనిచేసే సిబ్బందికి వారి పనికి అవసరమైన పరిజ్ఞానాన్ని, భద్రతా నియమాలను అంతర్జాలం ద్వారా నేర్పే విధానం. ఇది సాధారణంగా పూర్తి శిక్షణ కాదు. తరగతి గదిలో చెప్పే పాఠం, సిమ్యులేటరుపై అభ్యాసం, పని స్థలంలో కసరత్తు అనే మూడు దశలలో మొదటి దశకు ఇది ప్రత్యామ్నాయంగానో, అనుబంధంగానో ఉంటుంది. ఆంధ్ర ప్రదేశ్‌లోని డా. బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో రాజోలు పరిసరాలు కృష్ణా-గోదావరి బేసిన్‌లో ప్రధానమైన గ్యాసు ఉత్పత్తి ప్రాంతాలలో ఒకటి. ఇక్కడ బావులు, పైపులైనులు కొబ్బరితోటల మధ్య, ఇళ్ళకు దగ్గరగా ఉన్నాయి. కనుక ఈ పరిశ్రమ సిబ్బందికి పని ఎంత బాగా తెలుసు అన్నది చుట్టుపక్కల గ్రామాల భద్రతకు కూడా సంబంధించిన విషయం.

నేపథ్యం

రాజోలు గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల మధ్యనున్న లంక ప్రాంతంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉండేది. ఈ ప్రాంతపు భూగర్భంలో దక్కను లావా పొరలకు సమకాలీనమైన బసాల్టు శిలలు ఉన్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్ భూగర్భ శాస్త్ర గ్రంథాలలో ఈ శిలా సముదాయాన్ని ఈ ఊరి పేరుతోనే రాజోలు ఫార్మేషన్ అని వ్యవహరిస్తారు.

ఇక్కడ అన్వేషణ, ఉత్పత్తి ప్రధానంగా చమురు, సహజవాయు సంస్థ (ఓ.ఎన్.జి.సి.) రాజమండ్రి అసెట్ ఆధ్వర్యంలో జరుగుతున్నాయి. తాటిపాక, పొన్నమండ, కేశనపల్లి, మోరి, పాశర్లపూడి వంటి గ్రామాల పేర్లు ఈ పరిశ్రమలో క్షేత్రాలకు, కేంద్రాలకు పేర్లుగా మారాయి. తాటిపాకలో ఓ.ఎన్.జి.సి. 2001లో ఒక చిన్న చమురు శుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. దీని సామర్థ్యం సంవత్సరానికి సుమారు 66,000 టన్నులు. దేశంలోని శుద్ధి కర్మాగారాలలో ఇది అతి చిన్నది. ఇక్కడి గ్యాసును పైపులైనుల ద్వారా విద్యుత్, ఎరువుల కర్మాగారాలకు పంపుతారు. ఈ పైపులైనులను గెయిల్ నిర్వహిస్తుంది.

ఈ పనులలో సంస్థ ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు సిబ్బంది కూడా పెద్ద సంఖ్యలో పాల్గొంటారు. రిగ్గు మీద పనిచేసే సహాయకులు, వెల్డర్లు, క్రేను నడిపేవారు, ట్యాంకరు డ్రైవర్లు, కాపలాదారులు, వంటవారు వీరిలో ఉంటారు. ఎవరి పని ఎంత చిన్నదైనా గ్యాసు ఉన్న చోట పనిచేస్తున్నారు కనుక వారికీ శిక్షణ అవసరమే.

ప్రమాదాలు - శిక్షణ ఆవశ్యకత

పాశర్లపూడి (1995)

1995 జనవరి 8న పాశర్లపూడి-19 అనే బావిని తవ్వుతుండగా గ్యాసు అదుపు తప్పి ఎగదన్ని మంటలు చెలరేగాయి. ఇటువంటి సంఘటనను బ్లోఅవుట్ అంటారు. సమీప గ్రామాల ప్రజలను ఖాళీ చేయించి తరలించారు. కొబ్బరితోటలు, పొలాలు దెబ్బతిన్నాయి. అమెరికా నుండి నిపుణులను రప్పించవలసి వచ్చింది. సుమారు 65 రోజుల తరువాత మార్చి 15న మంటలు అదుపులోకి వచ్చాయి. భారతదేశంలో జరిగిన అతి పెద్ద బ్లోఅవుట్లలో ఇది ఒకటి.

నగరం (2014)

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తాటిపాక నుండి కొండపల్లి వైపు వెళ్ళే 18 అంగుళాల గ్యాసు పైపులైను పగిలింది. వ్యాపించిన గ్యాసుకు నిప్పు అంటుకొని 20 మందికి పైగా మరణించారు. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన ఆ గొట్టంలో నీరు, ద్రవ పదార్థాలు కలిసిన తడి గ్యాసు ప్రవహించడం వలన లోపలి నుండి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గొట్టం ఒక్క రోజులో తుప్పు పట్టదు. లోపల నీరు చేరుతున్నదని గుర్తించడం, గొట్టాన్ని శుభ్రపరచడం, మందాన్ని కొలవడం, కొలతలో తేడా వస్తే పై అధికారికి చెప్పడం, ఆ మాటపై చర్య తీసుకోవడం అనే పనులన్నీ ఎవరో ఒకరు నేర్చుకొని చేయవలసినవే.

ఇరుసుమండ (2026)

2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండ వద్ద మోరి-5 బావి నుండి గ్యాసు ఎగదన్ని మంటలు లేచాయి. సమీప గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. వారం రోజులలోపే మంటలను అదుపు చేశారు.

ఇతర ప్రాంతాలలో

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగిన పేలుళ్ళలో 167 మంది మరణించారు. మరమ్మతు కోసం భద్రతా కవాటాన్ని తీసివేసిన ఒక పంపును, ఆ సంగతి తెలియని రాత్రి షిఫ్టు వారు నడిపించడంతో ప్రమాదం మొదలయింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై 11 మంది మరణించారు. అక్కడ బావి మూసుకున్నదా లేదా అని తెలిపే పీడన పరీక్ష ఫలితాన్ని సిబ్బంది తప్పుగా అర్థం చేసుకున్నారు. 2020 మే 27న అస్సాంలోని బాగ్‌జాన్-5 బావిలో మరమ్మతు పనుల సమయంలో బ్లోఅవుట్ జరిగింది. జూన్ 9న మంటలు అంటుకోగా ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆ మంటలు పూర్తిగా ఆరినది నవంబరు 15న.

పైపర్ ఆల్ఫా, డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదాలలో యంత్ర లోపాలతో పాటు మనుషుల మధ్య సమాచార లోపం, సంకేతాలను చదవలేకపోవడం కారణాలుగా నిలిచాయి. అందువలన వీటి తరువాత శిక్షణ పద్ధతులలో మార్పులు వచ్చాయి. డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం తరువాత చమురు, గ్యాసు ఉత్పత్తిదారుల అంతర్జాతీయ సంఘం 2012లో చేసిన సిఫారసుల మేరకు బావి నియంత్రణ శిక్షణను ఉద్యోగి స్థాయిని బట్టి విభజించారు.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశంలో గనుల చట్టం, 1952 చమురు బావిని కూడా గనిగానే నిర్వచించింది. ఈ కారణంగా బావుల భద్రతను ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల సంహిత, 2020 ఈ చట్టం స్థానంలో వచ్చింది. ఆ సంహిత 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. శిక్షణకు సంబంధించిన ముఖ్యమైన నియమాలు, ప్రమాణాలు ఇవి:

- గనుల వృత్తి శిక్షణ నియమాలు, 1966: కొత్తగా చేరినవారికి ప్రాథమిక శిక్షణ, ఆ తరువాత 5 సంవత్సరాలకు మించని వ్యవధిలో పునశ్చరణ శిక్షణ ఇవ్వాలని ఇవి నిర్దేశించాయి.
- చమురు గనుల నిబంధనలు, 2017: ఇవి 1984 నాటి నిబంధనల స్థానంలో వచ్చాయి. బావి తవ్వకం, మరమ్మతు, ఉత్పత్తి పనులలో పాటించవలసిన జాగ్రత్తలు వీటిలో ఉన్నాయి.
- చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు (ఓ.ఐ.ఎస్.డి.) ప్రమాణాలు: ఈ సంస్థ 1986లో ఏర్పడింది. దీని ప్రమాణాలలో 105వది పని అనుమతి విధానానికి, 154వది ఉద్యోగ బాధ్యతలను బట్టి ఇచ్చే భద్రతా శిక్షణకు, 174వది బావి నియంత్రణకు సంబంధించినవి.

పైపులైను ఉన్న భూమికి మరొక చట్టం వర్తిస్తుంది. పెట్రోలియం, ఖనిజ పైపులైనుల చట్టం, 1962 ప్రకారం ప్రభుత్వం భూమి యాజమాన్యాన్ని కాక, దానిని వాడుకొనే హక్కును మాత్రమే తీసుకుంటుంది. రైతు ఆ భూమిని సాగు చేసుకోవచ్చును గాని అక్కడ భవనం కట్టరాదు, చెరువు గాని బావి గాని తవ్వరాదు, చెట్లు నాటరాదు. కొబ్బరి ప్రధాన పంటగా గల కోనసీమలో ఈ నియమం రైతులకు నేరుగా తగిలేది. కనుక పైపులైను వెంట గస్తీ తిరిగే సిబ్బంది దీనిని తెలుగులో, అర్థమయ్యేలా చెప్పగలగాలి.

శిక్షణలో నేర్పే అంశాలు

బావి నియంత్రణ

బావి తవ్వేటప్పుడు గొట్టం ద్వారా లోపలికి ఒక బరువైన బురద ద్రవాన్ని పంపుతారు. దీనిని రిగ్గు భాషలో మడ్ అంటారు. తవ్విన రాతి ముక్కలను పైకి తేవడంతో పాటు, తన బరువుతో భూమి పొరలలోని గ్యాసును లోపలే అణచి ఉంచడం దీని పని. బావి అడుగున ఈ ద్రవం కలిగించే పీడనాన్ని సులభంగా లెక్కించవచ్చు:

పీడనం (చదరపు సెంటీమీటరుకు కిలోలలో) = నీటితో పోల్చిన ద్రవ సాంద్రత × లోతు (మీటర్లలో) ÷ 10

ఉదాహరణకు నీటికంటే 1.2 రెట్లు బరువైన ద్రవం 2,700 మీటర్ల లోతైన బావిలో నిండుగా ఉంటే అడుగున పీడనం చదరపు సెంటీమీటరుకు 324 కిలోలు. పైన 200 మీటర్ల మేర ద్రవం తగ్గితే అది 300 కిలోలకు పడిపోతుంది. పొరలోని గ్యాసు పీడనం 310 కిలోలు ఉన్నదనుకొంటే మొదటి సందర్భంలో బావి అదుపులో ఉంటుంది. రెండవ సందర్భంలో గ్యాసు బావిలోకి చొరబడుతుంది. ఇలా చొరబడడాన్ని కిక్ అంటారు. కిక్‌ను సకాలంలో గుర్తించి అదుపు చేయకపోతే బ్లోఅవుట్‌గా మారుతుంది.

గ్యాసు పైకి వచ్చే కొద్దీ వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత వంటి అంశాలను పక్కన పెడితే, 300 కిలోల పీడనం వద్ద ఒక ఘనపు మీటరు ఉన్న గ్యాసు భూమి పైకి వచ్చేసరికి సుమారు 300 ఘనపు మీటర్లవుతుంది. అందుచేత అడుగున చిన్నదిగా కనిపించిన కిక్ చివరి నిమిషాలలో వేగంగా పెరుగుతుంది. రిగ్గు సిబ్బందికి మొట్టమొదట నేర్పేది కిక్ సంకేతాలను గుర్తించడం. అవి:

- బావి నుండి తిరిగి వచ్చే ద్రవ ప్రవాహం పెరగడం
- ద్రవం నిలువ ఉంచే తొట్లలో మట్టం పెరగడం
- పంపును ఆపిన తరువాత కూడా బావి నుండి ద్రవం పొంగడం
- తవ్వకం వేగం ఒక్కసారిగా పెరగడం
- గొట్టాలను పైకి తీసేటప్పుడు బావి నింపడానికి పట్టవలసిన ద్రవం కంటే తక్కువ పట్టడం

సంకేతం కనిపించగానే తవ్వకం ఆపి, గొట్టాన్ని తగిన ఎత్తుకు లేపి, పంపును ఆపి, బావి పొంగుతున్నదేమో చూస్తారు. పొంగుతుంటే బావి ముఖం వద్ద ఉండే బ్లోఅవుట్ ప్రివెంటరు (బి.ఓ.పి.) అనే భారీ కవాటాల సముదాయాన్ని మూసివేస్తారు. తరువాత పీడనాలను చదివి, ఎంత బరువైన ద్రవం పంపాలో లెక్కగట్టి, చొరబడిన గ్యాసును నెమ్మదిగా బయటకు తెస్తారు. బావిని మూయడానికి ఎవరి అనుమతి కోసమూ వేచి ఉండనక్కరలేదని, ఆ అధికారం బ్రేకు దగ్గర నిలబడిన డ్రిల్లరుకు ఉన్నదని ఈ శిక్షణలో నొక్కి చెబుతారు.

పని అనుమతి విధానం

గ్యాసు ఉన్న చోట వెల్డింగు, తవ్వకం, విద్యుత్ మరమ్మతు, ట్యాంకులోకి దిగడం వంటి పనులకు ముందుగా వ్రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఏ పని, ఎక్కడ, ఎంతసేపు, ఏ కవాటాలు మూశారు, గాలిలో గ్యాసు ఎంత ఉంది అన్న వివరాలు అందులో ఉంటాయి. షిఫ్టు మారినప్పుడు ఈ కాగితం చేతులు మారాలి. పైపర్ ఆల్ఫాలో తెగిపోయిన లంకె ఇదే.

గ్యాసు గుణాలు

సహజవాయువులో ప్రధాన భాగమైన మీథేనుకు రంగు, వాసన ఉండవు. వంట గ్యాసుకు ఉండే ఘాటు వాసన ఇథైల్ మెర్కాప్టన్ అనే పదార్థాన్ని కలపడం వలన వచ్చినది. కనుక పైపులైను వద్ద వాసన రాలేదు కాబట్టి గ్యాసు లేదు అనుకోరాదు. గాలిలో మీథేను 5 నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. దీనిని కొలిచే పరికరాన్ని వాడడం, ఆ అంకెను అర్థం చేసుకోవడం శిక్షణలో భాగం.

పైపులైనుల రక్షణ

గ్యాసులోని కార్బన్ డయాక్సైడు నీటితో కలిసినప్పుడు బలహీనమైన ఆమ్లం ఏర్పడి ఉక్కును తింటుంది. గొట్టం వంగి పల్లమైన చోట నీరు నిలుస్తుంది. అందుచేత గ్యాసులోని తేమను మొదటే తొలగించడం, పిగ్ అనే సాధనాన్ని గొట్టం గుండా పంపి నీటిని, మలినాలను నెట్టివేయడం, మందాన్ని కొలిచే పరికరాలతో లోపలి గోడను పరిశీలించడం, తుప్పు నిరోధకాలను కలపడం వంటి పద్ధతులను నేర్పుతారు.

ఆన్‌లైను విధానం

భారతదేశంలో సాంకేతిక విద్యను అంతర్జాలంలో ఉంచే ప్రయత్నాలలో ముఖ్యమైనది ఎన్.పి.టి.ఇ.ఎల్. దీనిని ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించాయి. 2014 నుండి ధ్రువపత్రాలిచ్చే కోర్సులు కూడా ఇందులో మొదలయ్యాయి. కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదిక 2017 జూలై 9న ప్రారంభమయింది. నైపుణ్య శిక్షణ కోసం స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ 2023 సెప్టెంబరులో ప్రారంభమయింది. వీటిలోని పాఠాలు విద్యార్థులకు, ఉద్యోగులకు కూడా అందుబాటులో ఉంటాయి.

బావి నియంత్రణలో అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన ధ్రువపత్రాలను 1992లో ఏర్పడిన అంతర్జాతీయ వెల్ కంట్రోల్ ఫోరం (ఐ.డబ్ల్యు.సి.ఎఫ్.), అంతర్జాతీయ డ్రిల్లింగు కాంట్రాక్టర్ల సంఘం (ఐ.ఎ.డి.సి.) అందజేస్తున్నాయి. ఫోరం శిక్షణలోని మొదటి నాలుగు స్థాయిలు ఈ విధంగా ఉంటాయి:

- 1వ స్థాయి: అవగాహన. ఎవరైనా ఉచితంగా, ఆన్‌లైనులో చదువుకోవచ్చు.
- 2వ స్థాయి: రిగ్గుపై పనిచేసే సిబ్బందికి ప్రాథమిక పరిచయం.
- 3వ స్థాయి: బావిని స్వయంగా మూయవలసిన డ్రిల్లరు వంటివారికి. సిమ్యులేటరుపై పరీక్ష ఉంటుంది.
- 4వ స్థాయి: పర్యవేక్షకులకు. దీనికీ సిమ్యులేటరు పరీక్ష తప్పనిసరి.

మొదటి స్థాయిని పూర్తిగా తెరపైనే నేర్చుకోవచ్చు. బాధ్యత పెరిగే కొద్దీ చేతి అభ్యాసం తప్పనిసరి అవుతుంది. 2020లో కొవిడ్ వ్యాప్తి వలన ప్రయాణాలు ఆగిపోయినప్పుడు అనేక శిక్షణ సంస్థలు తరగతి పాఠాలను వీడియో ద్వారా చెప్పడం మొదలుపెట్టాయి. ఆ అలవాటు కొంతవరకు కొనసాగుతున్నది.

తెరపై నేర్వగలిగినవి, నేర్వలేనివి

ఆన్‌లైను శిక్షణకు అనువైన అంశాలు: పీడనాల లెక్కలు, కవాటాల నిర్మాణం, గ్యాసు గుణాలు, చట్టాలు, పని అనుమతి పత్రాన్ని నింపే పద్ధతి, గత ప్రమాదాల విశ్లేషణ. బ్లోఅవుట్ ప్రివెంటరు లోపల ఏమి జరుగుతుందో బొమ్మలు కదిలించి చూపగలగడం ఆన్‌లైను పాఠానికి ఉన్న సౌకర్యం. అర్థం కాని భాగాన్ని మరల మరల చూడవచ్చు. 14 రోజులు విధులు, 14 రోజులు విరామం వంటి పద్ధతిలో పనిచేసేవారికి దూరప్రయాణం తప్పుతుంది.

అభ్యాసం ద్వారానే అలవడేవి: గొట్టాన్ని ఏ ఎత్తున ఆపాలో చేతికి తెలియడం, మంట ఎదురుగా అగ్నిమాపక గొట్టం పట్టుకొని నిలబడడం, శ్వాస పరికరాన్ని ధరించడం, గాయపడినవారిని మోయడం, చుట్టూ శబ్దం, భయం ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవడం. ఇందుకోసం రిగ్గులపై క్రమం తప్పకుండా కసరత్తులు జరుపుతారు. ముందుగా చెప్పకుండా తొట్టిలో మట్టం పెరిగినట్లు చూపించి, సిబ్బంది ఎన్ని నిమిషాలలో గుర్తించి బావిని మూయగలిగారో లెక్కిస్తారు.

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి అమెరికాకు చెందిన డోనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. నేర్చుకున్నవారికి శిక్షణ నచ్చిందా, విషయం తెలిసిందా, పనిలో ప్రవర్తన మారిందా, చివరకు ఫలితం కనిపించిందా అన్నవి ఆ నాలుగు మెట్లు. ఆన్‌లైను కోర్సు చివరన ఉండే బహుళైచ్ఛిక ప్రశ్నలు రెండవ మెట్టును మాత్రమే కొలవగలవు. మూడవ మెట్టును పని స్థలంలో చూసి తెలుసుకోవలసిందే.

పరిమితులు, విమర్శలు

భాష: ఈ రంగంలోని ఆన్‌లైను పాఠాలు ఎక్కువగా ఆంగ్లంలో ఉంటాయి. ఇంజనీర్లకు ఇది ఇబ్బంది కాకపోవచ్చు. రిగ్గు సహాయకునికి, పైపులైను గస్తీ మనిషికి, ట్యాంకరు డ్రైవరుకు ఇది అడ్డంకి. రిగ్గు, కిక్, మడ్, పిగ్ వంటి పదాలు వాడుకలో అలాగే ఉండిపోయాయి కనుక వాటిని అనువదించడం కంటే, వాటిని తెలుగు వాక్యాలలో వివరించడం ప్రయోజనకరం.

కాంట్రాక్టు సిబ్బంది: కాంట్రాక్టు మారినప్పుడు మనుషులూ మారుతారు. శాశ్వత ఉద్యోగి శిక్షణ వివరాలు సంస్థ వద్ద ఉంటాయి. కాంట్రాక్టు కార్మికుడు ఒక చోట పొందిన శిక్షణ రెండవ చోట నమోదు కాకపోవచ్చు. ఆన్‌లైను నమోదు సక్రమంగా ఉంటే ఈ లోపం కొంత తీరుతుంది.

శిక్షణా సమయం: ఇంటి వద్ద, విరామ దినాలలో కోర్సు పూర్తి చేయమన్నప్పుడు అది పనివేళలలో లెక్కకు వస్తుందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. అలసిపోయి వచ్చిన వ్యక్తి పాఠం చూడకుండానే పేజీలు తిప్పివేసే అవకాశం ఉంది. ఒకరి బదులు మరొకరు పరీక్ష వ్రాసే ప్రమాదం కూడా ఉంది. అందుకే ముఖ్యమైన పరీక్షలను పర్యవేక్షకుల సమక్షంలో గాని, కెమెరా పర్యవేక్షణలో గాని నిర్వహిస్తారు.

గ్రామస్థులు: బావి లేక పైపులైను చుట్టూ నివసించేవారు సిబ్బంది కాదు, కనుక వృత్తి శిక్షణ పరిధిలోకి రారు. కాని గ్యాసు లీకయినప్పుడు మొదట గమనించేది తరచుగా వారే. పొయ్యి వెలిగించకపోవడం, విద్యుత్ స్విచ్చులు ముట్టకపోవడం, వాహనం స్టార్టు చేయకపోవడం, గాలికి ఎదురుగా లేక అడ్డంగా దూరంగా వెళ్ళడం, పైపులైను గుర్తు రాళ్ళపై ఉన్న ఫోను సంఖ్యకు తెలపడం వారికి తెలియవలసిన ముఖ్య విషయాలు. అలా వచ్చిన ఫోనును ఎత్తినవాడు ఏమి చేయాలన్నది మాత్రం సిబ్బంది శిక్షణలోని విషయమే.

శిక్షణ సంస్థలు

- డ్రిల్లింగు టెక్నాలజీ సంస్థ, దేహరాదూన్: ఓ.ఎన్.జి.సి.కి చెందినది. బావి నియంత్రణలో సిమ్యులేటరు శిక్షణ ఇస్తుంది.
- పెట్రోలియం భద్రత, ఆరోగ్య, పర్యావరణ యాజమాన్య సంస్థ, గోవా: ఓ.ఎన్.జి.సి. 1989లో స్థాపించినది. అగ్నిమాపక, ప్రాణరక్షణ శిక్షణలు ఇస్తుంది.
- భారతీయ పెట్రోలియం, ఇంధన సంస్థ, విశాఖపట్నం: 2016లో ప్రారంభమయిన కేంద్ర విద్యాసంస్థ. పెట్రోలియం ఇంజనీరింగులో పట్టభద్ర కోర్సులు ఉన్నాయి.
- నైపుణ్యాభివృద్ధి సంస్థ, విశాఖపట్నం: ప్రభుత్వ రంగ చమురు సంస్థల సహకారంతో, హిందుస్థాన్ పెట్రోలియం ఆధ్వర్యంలో ఏర్పడినది. యువతకు వెల్డింగు వంటి వృత్తులలో శిక్షణ ఇస్తుంది.
- జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, కాకినాడ: పెట్రోలియం, పెట్రోకెమికల్ ఇంజనీరింగు విభాగం ఉంది.

ఈ జాబితాలో సిమ్యులేటరు గల డ్రిల్లింగు సంస్థ, అగ్నిమాపక శిక్షణ ఇచ్చే సంస్థ రెండూ రాష్ట్రానికి వెలుపల ఉన్నాయి. రాజోలు వంటి చోట ఆన్‌లైను పాఠాలకు గిరాకీ ఏర్పడడానికి ఈ దూరం ఒక కారణం.

ధ్రువపత్రాల ప్రాముఖ్యత

కోనసీమ నుండి, ముఖ్యంగా రాజోలు ప్రాంతం నుండి, గల్ఫ్ దేశాలకు ఉపాధి కోసం వెళ్ళేవారు అధికం. అక్కడి చమురు క్షేత్రాలలో ఉద్యోగాలకు బావి నియంత్రణ, సముద్రంపై ప్రాణరక్షణ వంటి ధ్రువపత్రాలను అడుగుతారు. ఈ ధ్రువపత్రాలకు గడువు ఉంటుంది. అంతర్జాతీయ ఫోరం ఇచ్చే 3, 4 స్థాయిల ధ్రువపత్రాల గడువు 2 సంవత్సరాలు. అది ముగియక ముందే మరల పరీక్ష వ్రాయాలి. ధ్రువపత్రం నిజమైనదో కాదో ఆ సంస్థ వెబ్‌సైటులో సంఖ్యను ఇచ్చి సరిచూసుకోవచ్చు. సిమ్యులేటరు గాని, నీటి కొలనులో అభ్యాసం గాని లేకుండా మొత్తం ఇంటి నుండే పూర్తవుతుందని ప్రకటించే ఉన్నత స్థాయి ధ్రువపత్రాల విషయంలో డబ్బు చెల్లించక ముందే విచారించుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

- రాజోలు
- కోనసీమ
- తాటిపాక
- పాశర్లపూడి
- నగరం (మామిడికుదురు)
- కృష్ణా-గోదావరి బేసిన్
- సహజవాయువు
- చమురు, సహజవాయు సంస్థ